కళ్లం మీద నేర్చుకున్న సైకిల్: బీఎంఎక్స్‌తో నెలజీతం దాకా నా అనుభవం

2025 మే 7న మధ్యాహ్నం నా ఖాతాలో 22,000 రూపాయలు పడ్డాయి. ఒక సైకిల్ కంపెనీ నాకిచ్చిన మొదటి నెలజీతం అది. మెసేజ్ వచ్చినప్పుడు నేను నెల్లూరు దగ్గర బుచ్చిరెడ్డిపాళెంలో, నాయన గుమాస్తాగా పనిచేసే రైస్ మిల్లు కళ్లం మీద కూర్చుని ముందు చక్రానికి పంచరు వేసుకుంటున్నాను. 2016 జనవరిలో మొదటి బీఎంఎక్స్ (ట్రిక్కులు చేసే చిన్న చక్రాల సైకిల్) కొన్న రోజు నుంచి లెక్క వేస్తే 9 ఏళ్ల 4 నెలలు. ఫోను పక్కన పెట్టి పంచరు పూర్తి చేశాను. చేతులు వణుకుతుంటే రెండుసార్లు వేయాల్సి వచ్చింది.

నా వీడియోలు చూసి పిల్లలు మెసేజ్ చేస్తుంటారు. ఏ సైకిల్ కొనాలి, ముందు ఏ ట్రిక్ నేర్చుకోవాలి అని అడుగుతారు. డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎన్నాళ్లకు వస్తుంది, చెయ్యి విరిగితే ఎవరు చూసుకుంటారు అని ఒక్కరూ అడగరు. ఆ వయసులో నేనూ అడగలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి సైకిల్ నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపులో కొన్నాను. 7,800 రూపాయలు. అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. 20 అంగుళాల చక్రాలు, ఫ్రేము మీద పెద్ద స్టిక్కరు, చక్రాల పక్కన నిలబడడానికి పెగ్‌లు. చూడడానికి అన్నీ ఉన్నాయి. మూడో వారానికే ముందు చక్రం యాక్సిల్ వంగిపోయింది. పెగ్ మీద మనిషి బరువు నిలవాలంటే గట్టి యాక్సిల్ ఉండాలని, నా సైకిల్‌కు ఉన్నది అందుకు చాలదని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. తర్వాత ఫోర్కు విరిగింది. మినీ బైపాస్ దగ్గర లారీలకు వెల్డింగ్ చేసే షెడ్డుకు తీసుకుపోతే అక్కడి పెద్దాయన దాన్ని చేత్తో తట్టి చూసి, "ఇది ఇనుము కాదబ్బయా, రేకు" అన్నాడు. అయినా అతికిచ్చాడు. 11 రోజులు ఆగింది. ఏడాదిలో రిపేర్లకే 3,400 అయింది. చదివేవాళ్లలో ఎవరైనా ఇప్పుడు మొదలుపెడుతుంటే నా మాట వినండి: కొత్త రేకు సైకిల్ కంటే పాత క్రోమోలీ (గట్టి మిశ్రమ ఉక్కు) సైకిల్ వెయ్యి రెట్లు నయం.

ఆ పాత క్రోమోలీ సైకిల్ నాకు 2017 అక్టోబరులో దొరికింది. చెన్నైలో ఒక అన్న తను వాడిన ఫ్లాట్‌ల్యాండ్ సైకిల్ 26,000కు ఇస్తానన్నాడు. ఫ్లాట్‌ల్యాండ్ అంటే ర్యాంపులు, మెట్లు, గోడలు ఏవీ లేకుండా, చదునైన నేల మీద ఒక చక్రం మీద నిలబడి తిరుగుతూ చేసేది. మా దగ్గర ర్యాంపు అనేదే లేదు కాబట్టి నాకు ఇంకో దారి లేదు. అమ్మ తన చీటీ పాట పాడి 24,500 తెచ్చింది. మిగతాది నా దగ్గర ఉన్న డబ్బు. ఇంజనీరింగ్ మధ్యలో ఆపనని అమ్మ నాతో మాట తీసుకుంది. నాయన 8 రోజులు నాతో మాట్లాడలేదు. సైకిల్ మొత్తం విప్పి, రెండు గోనెసంచుల్లో కట్టి, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో సీటు కింద పెట్టుకుని తెచ్చాను. నాయుడుపేట దాటిందాకా టీటీ ఏమంటాడో అని టెన్షన్. ఆయన సంచిని కాలితో తట్టి వెళ్లిపోయాడు.

సైకిల్ వచ్చింది, తొక్కడానికి నేల లేదు. ఈ మాట చెన్నై, బెంగళూరు పిల్లలకు అర్థం కాకపోవచ్చు. ఫ్లాట్‌ల్యాండ్‌కు కావాల్సింది 20 అడుగులకు 20 అడుగుల చదును నేల. అంతే. కానీ తారు రోడ్డు గరుకు, పడితే చర్మం లేచిపోతుంది. మట్టి గ్రౌండులో చక్రం దిగబడుతుంది. అపార్ట్‌మెంట్ పార్కింగులో తొక్కితే వాచ్‌మన్ తరుముతాడు. నెల్లూరులో వీఆర్ కాలేజీ గ్రౌండ్ నుంచి మాగుంట లేఅవుట్ దాకా రెండు నెలలు నేల కోసమే తిరిగాను. చివరికి అది నాయన పనిచేసే చోటే ఉంది.

మిల్లులో ఉప్పుడు బియ్యానికి ఉడకబెట్టిన వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం ఉంది. ఎకరానికి కొంచెం తక్కువ. డ్రయ్యర్ పెట్టించాక దాన్ని వాడడం తగ్గిపోయింది. ఏళ్ల తరబడి వడ్లు తిరగేసి తిరగేసి నున్నగా అరిగిన నేల. నాయన నోరు తెరిచి ఓనరును అడగలేదు. నేనే వెళ్లి అడిగాను. పొద్దున 5 నుంచి 7 దాకా, వడ్లు ఆరబోసిన రోజు రాకూడదు, దెబ్బ తగిలితే మిల్లుకు సంబంధం లేదు అన్నాడు. ఆ మూడో మాట కాగితం మీద రాయించి నాయనతో సంతకం పెట్టించాడు. నాయన కలం పట్టుకుని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

కళ్లం గళ్లు గళ్లుగా పోసి ఉంటుంది. ఒక్కో గడి పది అడుగులు. నా నేర్చుకోవడమంతా గళ్ల లెక్కే. హ్యాంగ్ ఫైవ్ అని ఒకటి ఉంది. ముందు పెగ్ మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు గాల్లో ఊపుతూ, వెనక చక్రం పైకి లేపి ముందు చక్రం మీదే దొర్లుకుంటూ పోవాలి. మొదటి నెల అర గడి కూడా పోలేదు. కళ్లం ఊడ్చే పెద్దమ్మ చీపురు ఆపి, "ఈ పొద్దు ఎన్ని గళ్లు పోయినావు రా?" అని రోజూ అడిగేది. మూడు గళ్లు నిలబడడానికి నాకు నెలలు పట్టింది. 2018 జూన్‌లో ఒక పొద్దున తొమ్మిది గళ్లు పోయాను. పెద్దమ్మ చీపురు కింద పడేసి చప్పట్లు కొట్టింది. తర్వాత బహుమతులు వచ్చాయి, జనం చప్పట్లు కొట్టారు, కానీ ఆ పొద్దున నాకు కలిగిన సంతోషం మళ్లీ ఎక్కడా దొరకలేదు.

తర్వాత స్టీమ్‌రోలర్ అనే ఇంకో ట్రిక్‌కు 5 నెలలు. టైమ్ మెషీన్‌కు 14 నెలలు. టైమ్ మెషీన్‌లో వెనక చక్రం మీద బొంగరంలా తిరగాలి. మొదటి వారాల్లో రోజూ వాంతులు అయ్యేవి. ఏమీ తినకుండా పోతే ఇంకా ఎక్కువ. చద్దన్నం కొంచెం తిని, అరగంట ఆగి మొదలుపెడితే తగ్గిందని నాకు నేనే కనుక్కున్నాను. కాలి ముందరి ఎముక మీద పెడల్ పళ్లు దిగిన మచ్చలు లెక్కపెట్టడం మానేశాను. షిన్ గార్డులు కొనమని నాకు చెప్పినవాళ్లు లేరు. నేను చెబుతున్నాను, కొనండి.

2019 ఫిబ్రవరిలో మొదటిసారి పోటీకి వెళ్లాను. బెంగళూరులో రైడర్లు కలిసి పెట్టుకునే చిన్న జామ్. బస్సు చార్జీలు, తిండి, ఎంట్రీ కలిపి 3,150 అయింది. 11 మందిలో 11వ స్థానం. నేను భయపడింది ట్రిక్కుల గురించి, దెబ్బ తీసింది నేల. అక్కడ బాస్కెట్‌బాల్ కోర్టు మీద రంగు వేసిన నేల. నా టైర్లలో గాలి 60 పీఎస్‌ఐ. మిగతావాళ్లందరూ 100 దాకా కొట్టుకొచ్చారు. నా చక్రం నేలకు అతుక్కుని ఆగిపోతోంది. ఇచ్చిన 2 నిమిషాల్లో 9 సార్లు కాలు కింద పెట్టాను. కాలు నేలకు తగిలిన ప్రతిసారీ మార్కులు పోతాయి. రాత్రి బస్సులో తిరిగొస్తూ పలమనేరు దాకా ఏడ్చాను. అయితే అక్కడే తొమ్మిది మంది ఫోన్ నంబర్లు దొరికాయి. తర్వాత నాకు వచ్చిన ప్రతి పనికీ మూలం ఆ తొమ్మిది నంబర్లే.

ఆ ఆగస్టులో చెయ్యి విరిగింది. ఇది కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ దెబ్బ మన ఆటలో చాలామందికి తగులుతుంది, చాలామంది బెణుకు అనుకుంటారు. వెనక్కి పడుతూ అరచెయ్యి నేలకు ఆనించాను. కొంచెం వాపు, బొటనవేలి మొదట్లో గుంటలో నొక్కితే నొప్పి. పొగతోటలో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. విరగలేదు, బెణికింది అని మందులు ఇచ్చి పంపారు. 650 రూపాయలు. ఆరో రోజు నుంచి మళ్లీ తొక్కాను. నొప్పి తగ్గలేదు. మూడో వారంలో ఇంకో డాక్టరు మళ్లీ ఎక్స్‌రే, దాని తర్వాత సీటీ తీయించారు. స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక అడ్డంగా చిట్లింది. ఆ ఎముకలో చిట్లు మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవడం మామూలేనట, 10 నుంచి 14 రోజులాగి మళ్లీ తీస్తే కనపడుతుందట. ఆ ఎముకకు రక్తం సరఫరా తక్కువ, అందుకే అతకడం ఆలస్యం అన్నారు. 11 వారాలు పిండికట్టు. మా జేజి పుత్తూరు కట్టు కట్టిద్దామని పోరు పెట్టింది. బంధువులందరూ ఒక్కొక్కరూ వచ్చి అదే మాట. ఈ ఒక్క విషయంలో నాయన నా పక్కన నిలబడ్డాడు: "డాక్టరు చెప్పినట్టు చేద్దాం, చెయ్యి వాడిది." అన్నీ కలిపి 17,900 అయింది. నాయన జీతం అప్పట్లో నెలకు 14,000.

కట్టు విప్పాక చెయ్యి సగానికి సన్నబడింది. గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. మళ్లీ హ్యాండిల్ గట్టిగా పట్టుకోవడానికి జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఐదు నెలల్లో తొక్కడం మానేద్దామని మూడుసార్లు అనుకున్నాను. ఒకసారి సైకిల్ అమ్మకానికి ఫోటోలు కూడా తీశాను.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. మిల్లు నడుస్తూనే ఉంది, కానీ బయటివాళ్లను రానివ్వలేదు. కోవూరులో తెలిసినవాళ్ల కళ్యాణ మండపం ఖాళీగా పడి ఉంది. మంచి ముహూర్తాలున్న మే నెలలో మండపం ఖాళీగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. కింద గ్రానైటు. అద్దంలాంటి నేల, చక్రం జారిపోతుంది. రెండు నెలలు జారుతూనే తొక్కాను. అదే తర్వాత షోరూముల్లో, టైల్స్ మీద షోలు చేయడానికి పనికొచ్చింది. అప్పటి నుంచి నా ప్రాక్టీసు పంచాంగం చూసి పెట్టుకునేవాణ్ణి. మా దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, కళ్లం తడి. ధనుర్మాసం రాగానే పెళ్లిళ్లు ఉండవు, మండపం దొరుకుతుంది. ఆషాఢం కూడా అంతే. శ్రావణం రాగానే మళ్లీ కళ్లానికి.

ఇంజనీరింగ్ అయిపోయాక 2021 జులైలో చెన్నై కంపెనీలో ఉద్యోగం వచ్చింది. 17,500 జీతం, రాత్రి షిఫ్టు, ఇంటి నుంచే పని. తెల్లవారి 4కు పని అయిపోయాక నేరుగా కళ్లానికి పోయేవాణ్ణి. ఆ నవంబరులో గుంటూరులో మొదటి డబ్బు షో దొరికింది. 4,000కు మాట్లాడుకుని 1,000 అడ్వాన్సు ఇచ్చారు. షో 21న. 20న పెన్నా పొంగింది. కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. బుచ్చి నుంచి కదలలేకపోయాను. చుట్టుపక్కల ఊళ్లలో జనం ఇళ్ల మీద నిలబడి ఉంటే నా షో గురించి ఏడవడానికి కూడా సిగ్గేసింది. అడ్వాన్సు తిరిగి పంపేశాను.

మొదటి షో చివరికి 2022 ఫిబ్రవరిలో ఒంగోలులో జరిగింది. ఒక కాలేజీ ఫెస్టు, 5,000. స్టేజి ఎక్కి చూస్తే ప్లైవుడ్ చెక్కల మీద ఎర్ర తివాచీ. తివాచీ మీద ఫ్లాట్‌ల్యాండ్ చేయడం ఇసుకలో పరిగెత్తడమే. స్టేజి దిగి, ముందున్న సిమెంటు దారి మీద కుర్చీలు జరిపించి చేశాను. జనం చుట్టూ మూగారు. స్టేజి మీద కంటే అదే బాగుందని పిల్లలు అన్నారు. అప్పటి నుంచి ఎవరు పిలిచినా ముందు నేల ఫోటో పంపమంటాను. డబ్బు మాట ఆ తర్వాతే.

మార్చిలో కంపెనీ ఆఫీసుకు రమ్మంది. చెన్నైలో గది, తిండి పోను ఏమీ మిగలదు, తొక్కడానికి చోటూ ఉండదు. 31న రాజీనామా చేశాను. ఇంట్లో చెప్పింది ఏప్రిల్ 3న. అమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేవలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. "ఇందుకోసమా నేను చీటీ పాట పాడింది" అని మాత్రం అంది. నాయన అన్నం తినకుండా మిల్లుకు పోయాడు.

ఆ ఆగస్టులో రొట్టెల పండక్కి అమ్మ నెల్లూరు బారాషహీద్ దర్గాకు పోయింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: స్వర్ణాల చెరువులో దిగి, కోరిక ఉన్నవాళ్లు ఆ కోరిక తీరినవాళ్ల దగ్గర రొట్టె తీసుకుంటారు. తీరాక మళ్లీ వచ్చి అదే చెరువులో ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. అమ్మ నా పేరున ఉద్యోగ రొట్టె తీసుకొచ్చి నాకు పెట్టింది. ఏమీ మాట్లాడకుండా తిన్నాను.

ఆ ఏడాది ఏప్రిల్ నుంచి మరుసటి మార్చి దాకా 14 షోలు చేశాను. వచ్చింది 1,12,000. ప్రయాణాలు, టైర్లు, ట్యూబులు, గదులు పోను మిగిలింది 41,000. నెలకు మూడున్నర వేలు కూడా కాదు. డబ్బు ఎంత అన్నదాని కంటే ఎప్పుడు అన్నది నన్ను ఎక్కువ ఏడిపించింది. ఈవెంటు కంపెనీలు 45 రోజులు అంటాయి, 90 రోజులకు ఇస్తాయి. ఒకరి దగ్గర మూడు షోలు చేస్తే 36,000 రావాలి, 32,400 పడింది. మోసం చేశారని ఫోనులో గొడవ పెట్టుకున్నాను. తర్వాత తెలిసింది, అది టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే కోసే ఆదాయపు పన్ను. అప్పట్లో ఒకే సంస్థ ఏడాదిలో 30,000 దాటి ఇస్తే 10 శాతం కోసి పాన్ నంబరు మీద కట్టేది. మన పేరున కట్టిన పన్ను చూపే ఫారం 26ఏఎస్‌లో అది కనపడేది. 2023 జులైలో రిటర్ను వేస్తే ఐదు వారాల్లో ఆ 3,600 తిరిగి వచ్చింది. గొడవ పెట్టుకున్నాయనకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను.

ఆలస్యం లేకుండా డబ్బిచ్చింది ఒక పల్లె. 2023 సంక్రాంతికి ప్రకాశం జిల్లాలో ఒక ఊళ్లో ఎద్దుల బండలాగుడు పోటీలు పెట్టి, మధ్యలో నన్ను పిలిచారు. అంతా దుమ్ము నేల. రామాలయం ముందున్న సిమెంటు రోడ్డు ఊడ్పించి, నీళ్లు చల్లబోతుంటే వద్దని ఆపాను. తడి నేల మీద నేను నిలవలేను. రాత్రి ట్యూబులైట్ల కింద 10 నిమిషాలు చేశాను. ఆ రాత్రే 3,000, ఒక కొత్త కండువా నా చేతిలో పెట్టారు. ఒక ముసలాయన నా ముందు చక్రం పట్టుకుని చూసి, "దీనికి బ్రేకు లేదేంది నాయనా?" అని అడిగాడు. హ్యాండిల్ గిరగిరా తిరగాలి, తీగ అడ్డం వస్తుందని చెప్పాను. అర్థమైనట్టు తలూపాడు.

స్పాన్సర్ల సంగతి. 23 కంపెనీలకు మెయిల్ రాశాను. నలుగురు జవాబిచ్చారు. ఒక్కరు 'ఫ్లో'లో తీసుకుంటామన్నారు. నేను జీతం అనుకున్నాను, ఇంట్లో కూడా చెప్పేశాను. ఫ్లో అంటే సామాను మాత్రమే ఇస్తారు, డబ్బు ఇవ్వరు. రెండు టీషర్టులు, రెండు టైర్లు, గ్రిప్పులు ఉన్న డబ్బా వచ్చింది. అమ్మ డబ్బా విప్పి చూసి పక్కన పెట్టింది. అదే మొదటి మెట్టని, ప్రో అయ్యేవాళ్లలో చాలామంది ఫ్లో నుంచే మొదలవుతారని ఆమెకు చెప్పడానికి నాకు మాటలు దొరకలేదు.

2023 అక్టోబరులో ఫ్రీకోస్టర్ హబ్ తెప్పించాను. హబ్ అంటే చక్రం మధ్యలో ఉండే భాగం, వెనక్కి దొర్లుతున్నప్పుడు పెడళ్లు తిరగకుండా ఉండే హబ్ అది. ఇక్కడ ఎక్కడా దొరకలేదు. ధర 18,400. చెన్నైలో కస్టమ్స్ దగ్గర 19 రోజులు ఆగింది. ఆధార్‌తో కేవైసీ అడిగారు, ఆ మెయిల్ నా స్పామ్‌లో పడి ఉంది, నేను చూడలేదు. డ్యూటీ, కొరియర్ చార్జీలు కలిపి ఇంకో 7,900. బయటి నుంచి ఏది కొన్నా ధరలో దాదాపు సగం అదనంగా చేతిలో ఉంచుకోండి, స్పామ్ రోజూ చూడండి.

ఆరోగ్య బీమా తీసుకుందామని పోతే ఏజెంటు నిజాయితీపరుడు కాబట్టి నిబంధన చదివి వినిపించాడు. వృత్తిగా సాహస క్రీడల్లో పాల్గొని దెబ్బ తగిలితే పాలసీ వర్తించదు. ఈ మినహాయింపు అన్ని కంపెనీల్లోనూ దాదాపు ఒకే మాటల్లో ఉంటుంది. సరదాగా తొక్కినన్నాళ్లు ఒక రకం, దాని మీద బతకడం మొదలుపెట్టిన రోజు నుంచి ఇంకో రకం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2019 నాటి చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

2024 జూన్ నుంచి మాగుంట లేఅవుట్‌లో ఆదివారాలు క్లాసు మొదలుపెట్టాను. తొమ్మిది మంది పిల్లలు, నెలకు 1,200. తల్లిదండ్రులు మొదట అడిగింది ఒలింపిక్స్ గురించే. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బీఎంఎక్స్ రేసింగ్ 2008 బీజింగ్ నుంచి ఉంది, ర్యాంపుల మీద చేసే పార్క్ ఫ్రీస్టయిల్ టోక్యో నుంచి ఉంది, నేను నేర్పే ఫ్లాట్‌ల్యాండ్ ఒలింపిక్స్‌లో లేదు. దానికి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) ప్రపంచ చాంపియన్‌షిప్ ఉంది, 2023లో గ్లాస్గోలో జరిగితే తెల్లవార్లూ ఫోనులో చూశాను. స్పోర్ట్స్ కోటా వస్తుందా అని అడిగితే, నా జామ్ సర్టిఫికెట్లు ఏ కోటాకూ పనికి రాలేదని చెప్పాను. ఇద్దరు పిల్లల్ని మానిపించారు. ఏడుగురు మిగిలారు. అబద్ధం చెప్పి తొమ్మిది మందిని ఉంచుకోవడం కంటే నాకిదే మేలు అనిపించింది. నా ఆదాయంలో మొదటిసారి ప్రతి నెలా ఒకే తేదీకి వచ్చిన డబ్బు ఈ ఫీజులే. పోటీల్లో నేను ఇప్పటిదాకా గెలిచిన మొత్తం 19,000 మాత్రమే, ఏడేళ్లలో.

ఆ నవంబరులో సైకిల్ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. బెంగళూరు జామ్‌లో పరిచయమైన ఒక అన్న నా పేరు చెప్పాడట. షోరూముల్లో, స్కూళ్లలో డెమోలు చేయాలి, పిల్లలకు నేర్పాలి, నెలకు నాలుగు వీడియోలు ఇవ్వాలి. డిసెంబరులో ఒక్క ఫోనూ లేదు. జనవరిలో ట్రయల్ డెమో, దానికి డబ్బు లేదు. ఫిబ్రవరిలో అగ్రిమెంటు కాగితం పంపారు. దెబ్బ తగిలి తొక్కలేని నెలకు జీతం ఉండదని ఏడో పేజీలో ఉంది. పాతికేళ్ల వయసులో చేతికొచ్చిన కాగితం, సంతకం పెట్టకపోతే పోతుందేమో అని భయం. మార్చలేమని చెబుతారనుకుంటూనే రెండు అడిగాను: దెబ్బ తగిలితే మూడు నెలలు సగం జీతం, డెమోల్లో జరిగే ప్రమాదాలకు వర్తిస్తుందని రాతపూర్వకంగా ఉన్న ప్రమాద బీమా. 24 రోజులు జవాబు లేదు. ఆ 24 రోజులు నేను ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. చివరికి బీమా ఒప్పుకున్నారు, సగం జీతం రెండు నెలలకు ఒప్పుకున్నారు. ఏప్రిల్ 2న సంతకం పెట్టాను. ఏడాదికి 24 డెమోలు, నెలకు 22,000, ప్రయాణ ఖర్చులు వేరు. వేరే కంపెనీ సైకిల్ ఎక్కకూడదు. సంతకం పెట్టేముందు కాగితాన్ని నాయనకు ఇచ్చాను. మిల్లు లెక్కలు రాసే కళ్లతో ప్రతి పేజీ చదివి, ఏడో పేజీ మీద వేలు పెట్టి, "ఇది నువ్వే అడిగినావా?" అన్నాడు. అవునన్నాను. "మంచి పని చేసినావు" అన్నాడు. నాయన నోటి నుంచి ఆ మాట రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

అమ్మ మాత్రం ఏమీ అనలేదు. 2023లో 14 షోలు చేసిన తర్వాత కూడా ఆమె రొట్టెల పండక్కి పోయి, రొట్టె ఇవ్వకుండానే తిరిగొచ్చింది. "తీరలేదు గదా" అంది. 2024లో క్లాసు మొదలైనా అంతే. 2025 జులైలో పండగ రోజు 5 గంటలకు నేను కళ్లానికి బయలుదేరబోతుంటే వంటింట్లో పెనం మీద రొట్టెలు కాలుతున్నాయి. "ఈ పొద్దు సైకిల్ వద్దు, బండి తియ్యి, చెరువుకు పోవాల" అంది.

జనం మధ్య మోకాలి లోతు నీళ్లలో నిలబడి, రొట్టె పైకెత్తి "ఉద్యోగ రొట్టె, ఉద్యోగ రొట్టె" అని అందరిలాగే అరిచింది. కర్నూలు నుంచి వచ్చిన ఒకామె, కూతుర్ని వెంటబెట్టుకుని నీళ్లు తోసుకుంటూ వచ్చింది. "ఏం ఉద్యోగం వచ్చింది వదినా?" అని అడిగింది. అమ్మ నా వైపు చూపించి, "మా వాడికి సైకిల్ ఉద్యోగం, నెలజీతం" అంది. ఆమె ఇంకేమీ అడగలేదు. రొట్టె అందుకుని కళ్లకద్దుకుని, ముక్క తుంచి కూతురి నోట్లో పెట్టింది.